కాటా గదిలో ఆగిన కంప్యూటర్: అప్‌డేట్లు వాటంతట అవే జరగాలా, ఆపేయాలా?

బుచ్చిరెడ్డిపాళెం దగ్గర రైస్ మిల్లు నడుపుతున్న మీరు అడిగింది ఇది. మార్చి నెలాఖరులో కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజు. ధాన్యం ట్రాక్టర్లు రోడ్డు దాకా బారులు తీరి ఉండగా కాటా గదిలోని కంప్యూటర్ అప్‌డేట్‌లోకి వెళ్లి నలభై నిమిషాలు తేరుకోలేదు. హమాలీలు ఖాళీగా కూర్చున్నారు, రైతులు కేకలు వేశారు, చివరికి తూకాలు కాగితం మీద రాసుకుని పుట్టికి ఎనిమిది వందల యాభై కిలోల లెక్కన చేత్తో కట్టుకోవలసి వచ్చింది. ఇకమీదట మిల్లులోని ఐదు కంప్యూటర్లలోనూ అప్‌డేట్లు పూర్తిగా ఆపేయమంటారా అని మీ ప్రశ్న.

సూటిగా చెబుతాను. ఆఫీసు గదిలోని నాలుగు కంప్యూటర్లలో ఆపవద్దు. అవి మిమ్మల్ని అడగకుండానే, మీకు తెలియకుండానే అప్‌డేట్ కావాలి. కాటా కంప్యూటర్ సంగతి వేరు. దానికీ అప్‌డేట్లు కావాలి, కానీ ఏ రోజు, ఏ గంటలో అన్నది మీ చేతిలో ఉండాలి. ఆ నిర్ణయం ‘ఎప్పటికీ వద్దు’ అయితే మాత్రం నేను ఒప్పుకోను. ఇరవై రెండేళ్లుగా నెల్లూరులో కంప్యూటర్లు చూసుకునే పనిలోనే ఉన్నాను. పొగతోటలో ల్యాబులు, స్టోన్‌హౌస్‌పేటలో టోకు కొట్లు, కోవూరు నుంచి కావలి దాకా మిల్లులు, చీమకుర్తిలో కొన్ని గ్రానైట్ ఫ్యాక్టరీలు నేను చూసుకునేవే. అప్‌డేట్ల వల్ల పని ఆగిన చోట్లూ చూశాను, అప్‌డేట్లు లేక మునిగిన చోట్లూ చూశాను. ఆ రెండు నష్టాలకూ పోలిక లేదు.

ముందుగా ఆ రోజు ఏం జరిగిందో చూద్దాం. మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. కాటా దగ్గరి కుర్రవాడు పది రోజులుగా ‘తర్వాత’ అన్న బటన్ నొక్కుతూ వచ్చాడని రాశారు. ఆ ఉదయం కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చిందని కూడా రాశారు. అప్‌డేట్ రెండు దశల్లో జరుగుతుంది. కొత్త ఫైళ్లను దించుకుని సిద్ధం చేసుకోవడం మొదటి దశ. ఇది మీరు పని చేసుకుంటుండగానే వెనక జరిగిపోతుంది. వాడకంలో ఉన్న పాత ఫైళ్లను తీసి కొత్తవి పెట్టడం రెండో దశ. నడుస్తున్న మిల్లులో బెల్టు మార్చలేం కదా, మోటారు ఆపాలి. కంప్యూటర్ కూడా అంతే, రీస్టార్ట్ అయితేనే ఆ మార్పు జరుగుతుంది. మీ కంప్యూటర్ పది రోజులుగా ఆ రెండో దశ కోసం ఎదురు చూస్తోంది. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి ఉండడం వల్ల కరెంటు పోగానే అది ఆగిపోయింది, మళ్లీ లేచేటప్పుడు మిగిలిన పని మొదలుపెట్టింది. ‘తర్వాత’ నొక్కిన మొదటి రోజు రాత్రే రీస్టార్ట్ చేసి ఉంటే ఆ నలభై నిమిషాలు ఎవరూ చూడని వేళలో గడిచిపోయేవి. కుర్రవాణ్ణి తప్పుపట్టడం లేదు. రాత్రి కాటా మూసేముందు రీస్టార్ట్ చేయాలని అతనికి ఎవరూ చెప్పి ఉండరు.

ఇక అసలు ఆపేస్తే ఏమవుతుందన్న సంగతి. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. 2016లో ట్రంకు రోడ్డు దగ్గర లెక్కలు రాసే ఒక ఆఫీసులో ఏడు కంప్యూటర్లు ఉండేవి. రిటర్నుల గడువు దగ్గరపడిన రోజుల్లో రీస్టార్టులతో విసిగిపోయిన యజమాని, మీలాగే, అన్నింటిలోనూ ఆపేయమన్నారు. ఆపేశాను. అప్‌డేట్ సర్వీసునే నిలిపివేసి, ఇక మీకు ఇబ్బంది ఉండదని చెప్పి వచ్చాను. మరుసటి సంవత్సరం చివర్లో ఒక ఉదయం ఫోను వచ్చింది. వెళ్లి చూస్తే ఏ ఫైలూ తెరుచుకోవడం లేదు, తెర మీద డబ్బు కట్టమన్న బెదిరింపు. ఎవరో బిల్లు అనుకుని ఈమెయిల్‌లో వచ్చిన ఫైలు తెరిచారు. అది ఆ ఒక్క కంప్యూటర్‌తో ఆగకుండా తాళం లేని దారి వెంట మిగిలిన ఆరింటికీ పాకింది. ఆ దారి మూసే ప్యాచ్, అంటే లోపాన్ని పూడ్చే అప్‌డేట్, వచ్చి అప్పటికి ఎనిమిది నెలలు. బ్యాకప్ తీసుకునే హార్డ్‌డిస్క్ ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉండేది, దాన్ని కూడా గుప్తలిపిలోకి మార్చేసింది. ఆరేళ్ల లెక్కలు పోయాయి. అచ్చు తీసిన కాగితాలు ముందేసుకుని ముగ్గురు గుమస్తాలు మూడు నెలలు మళ్లీ టైపు చేశారు. ఆ యజమాని నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అడిగింది ఆయనే అయినా, తెలిసినవాణ్ణి నేను. వద్దని చెప్పవలసింది నేనే. అప్పటి నుంచి ఎవరు అడిగినా ఆ సర్వీసు ఆపలేదు.

అదే సంవత్సరం ప్రపంచమంతా చూసినది కూడా ఇదే. విండోస్‌లో కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఫైళ్లు పంచుకునే భాగంలో ఒక లోపం ఉంది. దాన్ని సరిచేసే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న విడుదల చేసింది. ఆ లోపాన్ని వాడుకునే వాన్నక్రై అనే వైరస్ మే 12న విరుచుకుపడింది. మధ్యలో దాదాపు రెండు నెలల వ్యవధి ఉంది. అయినా సుమారు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని పాలయ్యాయి. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపాయి. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయని అప్పుడు పత్రికల్లో వచ్చింది. ఎవరూ ఏమీ నొక్కనవసరం లేకుండా, ఒక కంప్యూటర్ నుంచి పక్క కంప్యూటర్‌కు దానంతట అదే వ్యాపించడం వాన్నక్రై ప్రత్యేకత. ప్యాచ్ పడిన కంప్యూటర్ మీద ఆ దారి పనిచేయలేదు.

చాలామందికి తెలియని విషయం ఒకటి ఉంది. ప్యాచ్ విడుదల కావడమే దొంగలకు ఒక ఆధారం. పాత ఫైలును, కొత్త ఫైలును పక్కపక్కన పెట్టి ఎక్కడ మార్చారో చూస్తే లోపం ఎక్కడ ఉందో తెలిసిపోతుంది. మైక్రోసాఫ్ట్ 2003 నుంచి ప్రతి నెలా రెండో మంగళవారం ప్యాచ్‌లు విడుదల చేస్తోంది. మన గడియారంలో అది రాత్రి పదిన్నరకు, అమెరికాలో చలికాలమైతే పదకొండున్నరకు. ఆ క్షణం నుంచి లోపం రహస్యం కాదు. అప్‌డేట్ చేయని కంప్యూటర్‌కు ప్రమాదం విడుదలకు ముందు కన్నా విడుదల తర్వాతే ఎక్కువ. ‘పాతదే బాగా నడుస్తోంది, ఎందుకు కదిలించడం’ అన్న వాదన ఇక్కడే తేలిపోతుంది. మీ కంప్యూటర్ నిన్న ఉన్నట్టే ఉంది, దాని చుట్టూ ఉన్న ప్రపంచం మారింది.

మన ప్రాంతంలో చెరువు కింద సేద్యం తెలిసినవాళ్లకు ఇంత వివరం అక్కర్లేదు. కట్టకు గండి పడితే, అది ఎవరి పొలం ఎదురుగా పడిందని నీళ్లు చూడవు. నా పొలం ముందున్న కట్టను బాగుచేయవద్దు, అది నా ఇష్టం అని ఆయకట్టులో ఒక రైతు అనలేడు. మీ కాటా కంప్యూటర్ మీదే అయినా అది ఆఫీసు కంప్యూటర్లతో ఒకే తీగ మీద ఉంది. ఆఫీసు కంప్యూటర్లు మీ ఆడిటర్ ఆఫీసుకూ బ్యాంకుకూ ఫైళ్లు పంపుతున్నాయి.

ఫోను విషయంలో ఇది ఇంకా స్పష్టం. 2019లో వాట్సాప్‌లో ఒక లోపం బయటపడింది. ఎదుటివాళ్లు కాల్ చేస్తే చాలు, మీరు ఎత్తకపోయినా, పెగసస్ అనే గూఢచారి సాఫ్ట్‌వేర్ ఫోనులో దిగిపోయేది. సుమారు 1,400 మంది ఫోన్లపై అలా దాడి జరిగిందని వాట్సాప్ చెప్పింది. ఆ మే నెలలో సరిచేసిన వెర్షన్ విడుదలైంది. ఇలాంటి దానికి ‘జాగ్రత్తగా ఉండండి’ అని చెప్పి ప్రయోజనం లేదు. ఎంత జాగ్రత్తగలవాడైనా వచ్చే కాల్‌ను ఆపలేడు, తెలియని లోపాన్ని మూయలేడు. కోట్ల ఫోన్లలో ఆ అప్‌డేట్ అడగకుండా పడిపోవడమే దారి. మా అమ్మగారి వయసు డెబ్బై నాలుగు. ఆవిడ ఫోనులో ‘అప్‌డేట్ చేయమంటారా’ అని అడిగితే ఆవిడ ఏం తేల్చుకోగలరు? అడగడం అక్కడ గౌరవం కాదు, భారం.

ఇంతవరకు చెప్పినది చూసి ఈయన అన్నిటికీ తల ఊపేస్తున్నాడని అనుకోకండి. మీ కోపంలో న్యాయం ఉంది. అప్‌డేట్లు చెడగొట్టిన సందర్భాలు చిన్నవేమీ కావు.

2018 అక్టోబరు 2న విడుదలైన విండోస్ 10 అప్‌డేట్ కొందరి కంప్యూటర్లలో డాక్యుమెంట్స్ వంటి ఫోల్డర్లలోని ఫైళ్లనే తుడిచేసింది. నాలుగు రోజుల్లోపే దాన్ని నిలిపివేసి, సరిచేసి, మళ్లీ నవంబరు 13న విడుదల చేశారు. పరీక్షల దశలోనే కొందరు ఈ ఫిర్యాదు చేశారని, దాన్ని పట్టించుకోలేదని తర్వాత తేలింది. 2024 జూలై 19 మీకు గుర్తుండే ఉంటుంది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక చిన్న ఫైలు వల్ల దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర మీద ఆగిపోయాయి. మన సమయం ఉదయం 9:39కి ఫైలు వెళ్లింది, 10:57కి వెనక్కి తీసుకున్నారు. ఆ డెబ్బై ఎనిమిది నిమిషాలు చాలాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. పడిపోయిన కంప్యూటర్ తనంతట తాను లేవలేదు కాబట్టి మనిషి వెళ్లి ఒక్కొక్కదాన్నీ సేఫ్ మోడ్‌లో (అత్యవసరమైన భాగాలతో మాత్రమే నడిచే పద్ధతిలో) తెరిచి ఆ ఫైలు తీసేయవలసి వచ్చింది. నాకు అన్నింటికన్నా బాధ కలిగించింది మరొకటి. జాగ్రత్తపరులైన సంస్థలు కొన్ని ‘మాకు కొత్త వెర్షన్ వెంటనే వద్దు, ఒక మెట్టు వెనకదే ఇవ్వండి’ అని ఎంచుకున్నాయి. అయినా వాళ్ల కంప్యూటర్లూ పడిపోయాయి. ఎందుకంటే ఆ ఎంపిక ప్రోగ్రాముకే వర్తించింది, ఈ ఫైళ్లకు వర్తించలేదు. అందరికీ ఒకేసారి పంపకుండా ముందు కొద్దిమందికి పంపి చూసి ఉంటే నష్టం అక్కడితో ఆగేది. ప్లే స్టోర్‌లో చిన్న యాప్ తయారు చేసేవాళ్లు కూడా ముందు నూటికి ఒకరికో ఐదుగురికో పంపి, గొడవ లేకపోతేనే మిగతావాళ్లకు పంపుతారు. ప్రపంచంలో విమానాలనూ ఆసుపత్రులనూ నడిపే కంప్యూటర్లకు ఆ మాత్రం నిదానం లేకపోవడం క్షమించరానిది.

దొంగ అప్‌డేట్ దారిలోనే వచ్చిన సంఘటన కూడా ఉంది. 2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే వైరస్ ఉక్రెయిన్‌లో అందరూ వాడే ఒక అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో దాక్కుని వచ్చింది. ఆ సంస్థ సర్వర్లలోకే దొంగలు చొరబడ్డారు. మేర్‌స్క్ అనే నౌకా రవాణా సంస్థ 45 వేల కంప్యూటర్లను కొత్తగా సిద్ధం చేసుకోవలసి వచ్చింది. ముంబై దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ ఓడరేవులో ఒక టెర్మినల్ పని ఆగింది. అందుకే అప్‌డేట్ పంపేవాడు ఎవరన్నది ముఖ్యం. విండోస్, ఆండ్రాయిడ్, క్రోమ్ వంటివి ప్రతి ఫైలుకూ డిజిటల్ సంతకం వేస్తాయి. సంతకం సరిపోకపోతే మీ కంప్యూటర్ దాన్ని తీసుకోదు. మీ కాటా సాఫ్ట్‌వేర్ రాసి ఇచ్చిన మనిషి పెన్‌డ్రైవ్‌లో తెచ్చే ఫైలుకు అలాంటి సంతకం ఉందా? దాన్ని ముందు వేరే కంప్యూటర్‌లో పరీక్షించుకోండి.

కాటాకు నేరుగా సంబంధించిన విషయం ఇంకొకటి ఉంది, దాని మీద కొంచెం ఎక్కువ సమయం పెడతాను. వేబ్రిడ్జి ఇండికేటర్ (కాటా బరువు చూపే పెట్టె) నుంచి బరువు పాతకాలపు సీరియల్ తీగ మీద వస్తుంది. ఇప్పటి కంప్యూటర్లకు ఆ రంధ్రం లేదు కాబట్టి మధ్యలో యూఎస్‌బీ కన్వర్టర్ కేబుల్ పెడతారు. బజారులో దొరికే చవక కేబుళ్లలో చాలావాటిలో ఉండేది నకలు చిప్పు. ఎఫ్‌టీడీఐ అనే సంస్థ ఈ రకం అసలు చిప్పులు తయారు చేస్తుంది. 2014లో ఆ సంస్థ ఇచ్చిన కొత్త డ్రైవర్ (పరికరాన్ని కంప్యూటర్‌తో పని చేయించే ప్రోగ్రాము) విండోస్ అప్‌డేట్ ద్వారానే కంప్యూటర్లలో దిగింది. నకలు చిప్పు కనబడితే ఆ డ్రైవర్ చిప్పు గుర్తింపు సంఖ్యను సున్నాగా మార్చేసింది. దాంతో ఆ కేబుల్ ఏ కంప్యూటర్‌కు తగిలించినా గుర్తించదు. పెద్ద గొడవ జరిగి ఆ డ్రైవర్‌ను వెనక్కి తీసుకున్నారు. 2016లో మళ్లీ మరో డ్రైవర్ వచ్చింది. అది నకలు చిప్పు దొరికితే, రావలసిన సమాచారం బదులు ఇది అసలు పరికరం కాదన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యాన్ని పంపింది. తూకం అంకె రావలసిన చోట ఆ వాక్యం వస్తే మీ కాటా సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది? కేబుల్ కొన్న రైస్ మిల్లు యజమానికి అది నకలో అసలో తెలిసే మార్గమే లేదు. నకలు చేసినవాణ్ణి పట్టుకోవడం ఆ సంస్థ హక్కు. దానికి భద్రతా ప్యాచ్‌లు వచ్చే దారిని వాడుకోవడం నమ్మకద్రోహం.

నేను ఇన్నేళ్లలో తేల్చుకున్నది ఇదే. జనం అప్‌డేట్లు ఆపేయడానికి కారణం ప్యాచ్‌లు కావు. ప్యాచ్‌లతో కలిపి పంపే ఇతర సరుకు. కంత పూడ్చడానికి తలుపు తెరిచిన ఇంట్లోకి, అదే మేస్త్రీ ఇంటి రంగు మార్చి, సామాన్లు సర్ది, గోడకు ప్రకటన అంటించి పోతే ఇంటివాళ్లు రెండోసారి తలుపు తీయరు. 2016లో విండోస్ 7 వాడేవాళ్లకు విండోస్ 10 ఆహ్వానం సరిగ్గా ఇలాగే వచ్చింది. తెర మీది ఆ ఆహ్వానం మూలలోని ఇంటూ గుర్తు నొక్కి మూసేసినా, మారడానికి సమ్మతించినట్టే లెక్కకట్టారు. అమెరికాలో ఒకరు కోర్టుకు వెళ్లి పది వేల డాలర్ల పరిహారం పొందారు. ఆ సంవత్సరం ఎంతోమంది విసిగి అప్‌డేట్లనే కట్టేసుకున్నారు. మరుసటి సంవత్సరం వాన్నక్రై దెబ్బతిన్న కంప్యూటర్లలో అత్యధికం విండోస్ 7వే. ఈ రెంటికీ సంబంధం లేదని నన్ను ఎవరూ నమ్మించలేరు.

హెచ్‌పీ ప్రింటర్ల సంగతి కూడా అలాంటిదే. 2016 సెప్టెంబరు 13న కొన్ని మోడళ్లు ఉన్నట్టుండి ఇతర సంస్థల ఇంకు కార్ట్రిడ్జ్‌లను తిరస్కరించడం మొదలుపెట్టాయి. అంతకుముందు ఎప్పుడో పడిన ఫర్మ్‌వేర్ (ప్రింటర్ లోపలి సాఫ్ట్‌వేర్) ఆ తేదీ దాకా నిద్రపోయి లేచింది. రీఫిల్ ఇంకు మీద బతికే మన జెరాక్స్ కొట్లకు అది ఎంత నష్టమో ఆలోచించండి. ఐఫోన్లలో 2017 జనవరి నాటి అప్‌డేట్ బ్యాటరీ పాతబడిన ఫోన్ల వేగాన్ని తగ్గించింది. ఫోను హఠాత్తుగా ఆగిపోకుండా ఉండడానికే అలా చేశామని ఆపిల్ చెప్పిన కారణంలో నిజం ఉండవచ్చు. కానీ దాదాపు సంవత్సరం పాటు వాడేవాళ్లకు ఆ సంగతి చెప్పలేదు. చెప్పి ఉంటే చాలామంది కొత్త ఫోను కొనకుండా బ్యాటరీ మార్చుకునేవారు.

వేరు చేసి పంపడం సాధ్యం కాదా అంటే, ఎప్పుడో సాధ్యమైంది. ఉబుంటు లినక్స్ భద్రతా ప్యాచ్‌లను మాత్రమే తనంతట తాను వేసుకుంటుంది, మిగతావాటికి అడుగుతుంది. ఆపిల్ 2023 మే నుంచి భద్రతకు మాత్రమే చిన్న ప్యాచ్‌లు విడిగా పంపడం మొదలుపెట్టింది. రీస్టార్ట్ బాధకూ మంచి మార్గం ఉంది. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి చాలా ఫోన్లలో వ్యవస్థకు రెండు అరలు ఉంటున్నాయి. మీరు మొదటి అరలో పని చేసుకుంటుంటే రెండో అరలో కొత్తది సిద్ధమవుతుంది. రీస్టార్ట్ చేసినప్పుడు నేరుగా రెండో అరలోకి లేస్తుంది. అక్కడ ఏదైనా తేడా వస్తే మళ్లీ మొదటి అరకే వస్తుంది. నలభై నిమిషాల తెర ఉండదు, మధ్యలో కరెంటు పోయినా పాతది చెక్కుచెదరదు. మన ఊళ్లలో కరెంటు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఈ ఏర్పాటు విలువ తెలుస్తుంది.

ఇక మీ మిల్లుకు వద్దాం.

ఆఫీసులోని నాలుగు కంప్యూటర్లలో యాక్టివ్ అవర్స్ అనే అమరికలో మీ పని గంటలు పెట్టండి. పద్దెనిమిది గంటల దాకా పెట్టుకునే వీలుంది. ఉదయం ఆరు నుంచి రాత్రి పన్నెండు దాకా పెడితే ఆ వేళల్లో దానంతట అది రీస్టార్ట్ కాదు. కోతల కాలంలో అవసరమైతే ఐదు వారాల వరకు అప్‌డేట్లను వాయిదా వేయవచ్చు. ఆ గడువు దాటాక ముందు ఉన్నవన్నీ వేసుకుంటేనే మళ్లీ వాయిదాకు ఒప్పుకుంటుంది, అది సరైన పద్ధతే. సెల్‌ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిపే రోజుల్లో ఆ కనెక్షన్‌ను మీటర్డ్ (డేటాకు పరిమితి ఉన్నది) అని గుర్తు పెట్టండి, లేకపోతే రోజు డేటా అంతా అప్‌డేట్‌కే పోతుంది. ఆ గుర్తు అలాగే మరిచిపోవద్దు. నెలల తరబడి అప్‌డేట్లు రాకుండా ఉండిపోయిన ఆఫీసులు చాలా చూశాను.

కాటా కంప్యూటర్‌కు విండోస్ ప్రో ఉంటే పని సులభం. గ్రూప్ పాలసీ అనే అమరికల పట్టికలో నెలవారీ ప్యాచ్‌లను ముప్పై రోజుల వరకు, కొత్త వెర్షన్లను సంవత్సరం వరకు వెనక్కి నెట్టవచ్చు. డ్రైవర్లను విండోస్ అప్‌డేట్‌తో కలపవద్దనే అమరిక కూడా అక్కడే ఉంది, అది తప్పకుండా పెట్టండి. నేను నా మిల్లులకు పెట్టే పద్ధతి ఇలా ఉంటుంది: ప్యాచ్‌లు ముందు ఆఫీసు కంప్యూటర్లలో పడతాయి. ఏదైనా తేడా ఉంటే పది రోజుల్లో అక్కడే తెలుస్తుంది, పత్రికల్లోనూ వస్తుంది. పది రోజులు ప్రశాంతంగా గడిస్తే, ఆ తర్వాతి ఆదివారం రాత్రి కాటా మూశాక దానిలో వేసి, రీస్టార్ట్ చేసి, ఒక ఖాళీ ట్రాక్టర్ ఎక్కించి తూకం చీటీ అచ్చు తీసి చూసి ఇంటికి వెళ్లాలి. ఆ పని ఎవరిదో పేరు రాసి కాటా గది గోడకు అంటించండి. అందరి పని అంటే ఎవరూ చేయరు.

అందులో విండోస్ 7 ఉందంటే సంగతి మారుతుంది. 2020 జనవరి 14తో దానికి ప్యాచ్‌లు ఆగిపోయాయి. విండోస్ 10కు కూడా 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగిసింది. కాటా సాఫ్ట్‌వేర్ పాతదాని మీదే నడుస్తుందంటే ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తీగ తీసేయండి. ఆఫీసు నెట్‌వర్క్ నుంచి కూడా తప్పించండి. దాంట్లో యూట్యూబ్ వద్దు, ఈమెయిల్ వద్దు. తూకాల వివరాలు సాయంత్రం ఒకే ఒక్క పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి, ఆ పెన్‌డ్రైవ్ మరే పనికీ వాడవద్దు. అప్‌డేట్ లేని కంప్యూటర్‌ను ఇలా ఒంటరిగా ఉంచగలిగితేనే నడపాలి.

మీరు అడగనిది ఒకటి చెప్పాలి. మిల్లు చుట్టూ ఉన్న కెమెరాలు, వాటి దృశ్యాలు దాచే డీవీఆర్ పెట్టె, మూలన దుమ్ము కొట్టుకుపోయిన రౌటర్. వీటి గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు, ఎందుకంటే ఇవి అప్‌డేట్ కావు కాబట్టి పని ఆగదు. 2016లో మిరాయ్ అనే వైరస్ సరిగ్గా ఇలాంటి కెమెరాలను, డీవీఆర్‌లను, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చనివాటిని లక్షల సంఖ్యలో పట్టుకుని సైన్యంలా వాడుకుంది. దాని దాడితో ఆ అక్టోబరు 21న అమెరికాలో పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి తెరుచుకోలేదు. విడవలూరు వైపు రొయ్యల చెరువుల గట్ల మీద, చీమకుర్తి ఫ్యాక్టరీల గోడల మీద నేను చూసే కెమెరాల్లో చాలావాటికి ఇంకా పెట్టెలో వచ్చిన పాస్‌వర్డే ఉంది. ముందు అది మార్చండి. రౌటర్‌లో తనంతట తాను అప్‌డేట్ అయ్యే అమరిక ఉంటే ఆన్ చేయండి. లేని రౌటర్‌ను ఈసారి కొనవద్దు.

మీ గుమస్తాలకు ఇంకో మాట. వాట్సాప్‌లో ‘బ్యాంకు యాప్ అప్‌డేట్’ అనో, ‘చలానా’ అనో వచ్చే ఏపీకే ఫైళ్లను (ప్లే స్టోర్ బయటి నుంచి యాప్‌ను ఫోనులో వేసే ఫైళ్లను) తాకవద్దని చెప్పండి. అలాంటివి వేసుకుని ఖాతాలు ఖాళీ అయినవాళ్లు నా దగ్గరికి ఫోను పట్టుకుని వస్తూనే ఉన్నారు. అప్‌డేట్లు వెనక వాటంతట అవే జరగాలని నేను ఇంత గట్టిగా అనడానికి ఇదీ ఒక కారణం. అసలైన అప్‌డేట్ ప్లే స్టోర్ నుంచి చప్పుడు లేకుండా వస్తుందని ఇంట్లో అందరికీ అలవాటైతే, ‘ఇక్కడ నొక్కి అప్‌డేట్ చేసుకోండి’ అని వెతుక్కుంటూ వచ్చే ప్రతిదీ మోసమేనని వాళ్లకే తెలిసిపోతుంది.

ఈ వారం చేయవలసినది మాత్రం రెండే. కాటా గది యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ వేయించండి. డివైస్ మేనేజర్‌లో పోర్టుల కింద కన్వర్టర్ కేబుల్ పేరు ఏమని చూపిస్తోందో చూసి నాకు రాయండి. పక్కన పసుపు రంగు గుర్తు కనిపిస్తే అదీ చెప్పండి. చిప్పు ఏదో తెలిస్తే దానికి ఏ డ్రైవర్ ఉంచాలో, కేబులే మార్చాలో చెబుతాను.